ఉప్పునీట నిలుచునవి, విరుగునవి

రాజుల చరిత్రకు శాసనములు కలవు. రేవుల చరిత్రకు సుంకపు లెక్కలు కలవు. వలకును, గాలమునకును, తెప్పకును అట్టి ఆధారములు తక్కువ. వంశధార ఒడ్డున ముఖలింగములో గంగరాజులు చెక్కించిన అక్షరములు తొమ్మిదివందల యేండ్లు గడచినను రాతిమీద నిలిచియున్నవి. అదే నది సముద్రమున కలియు కళింగపట్నపు ఇసుకమీద, ఆ రాజుల కాలమున చేపలు పట్టినవారి పనిముట్టు ఒక్కటియు మనకు మిగులలేదు. కొయ్య చివికినది, నార కుళ్లినది, ఇనుము త్రుప్పై ఇసుకలో కలసినది. కాబట్టి సముద్రపు వేట చరిత్రను వ్రాయదలచినవాడు మిగిలినదానినిబట్టి గాక, పోయినదానినిబట్టి వ్రాయవలసియుండును. ఏది ఎంతకాలము నిలిచినది, ఏది ఎందుచేత విరిగినది, విరిగినదానిని ఎవరు బాగుచేసికొనగలిగిరి అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు, విజయనగరము జిల్లాకు సుమారు 28 కిలోమీటర్లు సముద్రతీరము కలదు. ఇచ్ఛాపురము వైపు బాహుదా నది కలియుచోటు మొదలుకొని బారువ, భావనపాడు, కళింగపట్నము మీదుగా కోనాడ, చింతపల్లి, ముక్కాము వరకు చూచినచో, ఈ తీరము చాలవరకు తిన్నగా సాగిన ఇసుకగట్టు. అలలకు అడ్డుపడు పెద్ద దీవి గాని, ఓడ దాగదగిన లోతైన కయ్య గాని దాదాపు లేదు. అందుచేత వాడబలిజలు, జాలరులు మున్నగు ఇచటి బెస్తవారు వేటకు పోవునప్పుడెల్ల విరుగుచున్న కెరటముల వరుసలను దాటి పోవలెను, మరల దాటి రావలెను. లోతునీటిలో లంగరు వేసికొని నిదురించు పడవకు లేని పరీక్ష మన తీరపు పడవకు దినమునకు రెండుసార్లు తప్పదు. ఇచటి పనిముట్ల నిర్మాణమంతయు ఈ ఒక్క నిర్బంధమునుండి పుట్టినదే.

సముద్రము వస్తువులను మూడు విధముల పాడుచేయును. మొదటిది ఉప్పు. సాధారణముగా కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల వరకు లవణములు ఉండును. వానకాలమున నదీముఖముల దగ్గర ఈ పాలు కొంత తగ్గును. ఉప్పు పని నీటిలో మాత్రమే జరుగునని అనుకొనరాదు. నౌపడా కొటారులనుండి వచ్చిన గల్లుప్పును జాడీలో పోసి శ్రావణమాసమున మూత తీసి చూచిన గృహిణులకు ఈ సంగతి తెలిసినదే. ఉప్పు గాలిలోని తేమను లాగి చెమర్చును. శుద్ధిచేయని ఉప్పులో మెగ్నీషియము లవణములు కలసియుండుటచేత ఈ గుణము మరింత హెచ్చు. ఒడ్డునకు తెచ్చి నీడన పెట్టిన ఇనుపవస్తువుపై ఉప్పుపొర ఉన్నంతకాలము ఆ వస్తువు తడిసియున్నట్లే లెక్క. సముద్రమునకు సమీపముననున్న ఇండ్లలో వాడక మానిన ట్రాన్సిస్టరు రేడియోనుండి బ్యాటరీలను తీసి ఉంచవలెనని చెప్పుటకు కారణములలో ఇది ఒకటి. రెండవది అల. అది కొట్టుట ఒక్కటే చేయదు. ఇసుకను మోసికొనివచ్చి ప్రతి సందులోను నూరును. మూడవది ప్రాణులు. కొయ్యను తొలుచు నత్తజాతి పురుగులు, నారలోని పదార్థమును తినివేయు సూక్ష్మజీవులు, అడుగున అంటుకొని పెరుగు గుల్లలు ఈ తెగలోనివి.

ఈ మూడింటికిని మన పెద్దలు చెప్పిన సమాధానములలో మొదట పేర్కొనదగినది కుట్టుపడవ. విదేశీయులు దీనిని మసూలా పడవ అనిరి. పలకల అంచులయందు వరుసగా రంధ్రములు చేసి, అతుకులమీద ఎండుగడ్డిని గాని పీచును గాని పరచి, కొబ్బరినార త్రాడుతో కుట్టి దీనిని తయారుచేసెడివారు. లోపల పక్కటెముకలవంటి అడ్డుకొయ్యలు లేవు. ఇనుపమేకు ఒక్కటియు లేదు. చూచువారికి ఇది పేదరికముచేత చేసిన పని యనిపించవచ్చును. ఆలోచించినచో అది లోతైన ఎరుకతో చేసిన పని. బిగువుగా మేకులు కొట్టిన పడవ విరుగుచున్న అలమీదనుండి ఇసుకకు తగిలినప్పుడు ఆ దెబ్బ యంతయు మేకుల చుట్టును కూడి పలకను చీల్చును. కుట్టుపడవ అట్లు గాక, దెబ్బతిన్నప్పుడు ఒడలంతయు కొంచెము వంగి, మరల యథాస్థితికి వచ్చును. అతుకులగుండ నీరు ఊరును, నిజమే. ఒకడు తోడిపోయుచునే యుండవలెను. కాని నీరు తోడుట పని, పడవ బ్రద్దలగుట ప్రమాదము. పని భరింపవచ్చును.

భీమునిపట్నము, కళింగపట్నము మొదలగు రేవులలో ఓడలు దూరముననే నిలిచిపోగా, వాటికిని ఒడ్డునకును నడుమ సరకులను, మనుష్యులను చేరవేసినవి ఈ కుట్టుపడవలే. సొంతదేశములో పేరుమోసిన నావికులు కూడ ఇచటి అలల దగ్గర తమ గట్టిపడవలను విడిచి వీటిలోనే ఎక్కిరి. 1933లో విశాఖపట్టణమున లోతైన ఓడరేవు తెరచిన పిదప ఈ చిన్నరేవుల వర్తకము క్షీణించినది. కుట్టుపడవకు ఆ పిమ్మట చాలకాలము మిగిలిన పని ఒడ్డునుండి లాగు పెద్ద అలివి వలలను కెరటముల ఆవలకు మోయుటయే.

మేకు లేకపోవుటయందలి మేలు ఇంగ్లండు నౌకాదళమువారికి మిక్కిలి ఖరీదైన అనుభవముచేత తెలిసినది. 1761లో వారు అలారం అను యుద్ధనౌక అడుగునకు, పురుగులు తొలువకుండుటకై, రాగిరేకులు తాపడము చేయించిరి. కొన్ని యేండ్ల సముద్రయానము పిదప పరీక్షించి చూడగా పురుగులు రాలేదు గాని, రేకులను పట్టియుంచిన ఇనుపమేకులు పెక్కు తినివేయబడి యుండెను. విచిత్రమేమనగా, రేకుల కట్టకు చుట్టిన గోధుమరంగు కాగితము పొరపాటున తీయక మిగిలిపోయిన చోట్ల మాత్రము ఇనుము చెక్కుచెదరలేదు. రెండు భిన్నలోహములు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకినచో అక్కడ చిన్న విద్యుద్ఘటము ఏర్పడి, బలహీనమైన లోహము కరగిపోవును. కాగితము ఆ తాకిడిని తప్పించినది. 1824లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు ఈ ధర్మమునే తిరుగవేసి, యశదము గాని ఇనుము గాని కొంచెము రాగికి జతపరచినచో ఆ ముక్క తాను కరగి రాగిని కాపాడునని చూపించెను. ఐతే కరగని రాగిపై గుల్లలు విరివిగా పెరుగసాగినవి. సముద్రము ఒకచోట విడిచినదానిని మరియొకచోట వసూలు చేసికొనును.

ఇనుము సముద్రమున ఏమగునో చూడదలచినవారు దూరదేశములకు పోనక్కరలేదు. 1917లో బారువ తీరమున మునిగిన చిల్కా అను ఆవిరియోడ శిథిలములు ఆ నీటిలోనే యున్నవి. పెద్ద కర్మాగారములో పుట్టి, యంత్రములచేత నడచిన ఆ యోడను మరల లేపి నడుపుట సాధ్యము కాలేదు. ఒడ్డున కుట్టు తెగిన పడవనో, అదే యూరివారు కొబ్బరిత్రాడు తెచ్చి, మరల కుట్టి, మరల సముద్రములో దింపిరి.

తెప్ప సంగతియు ఇట్టిదే. తేలికైన కొయ్యదుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి, త్రాళ్లతో గాని కొయ్యచీలలతో గాని బిగించి తెప్పను కట్టుదురు. నీరు లోనికి వచ్చుననెడి భయము తెప్పకు లేదు, ఏలయన నీటిని బయట నిలుపుట దాని ధర్మమే కాదు. పైకెక్కిన నీరు సందులగుండ దిగిపోవును. వేటనుండి వచ్చిన పిమ్మట కట్లు విప్పి, దుంగలను ఇసుకమీద ఎండబెట్టుట పూర్వాచారము. దానివలన రెండు ప్రయోజనములు కలవు: నీరు పీల్చి బరువెక్కిన కొయ్య మరల తేలికపడును, లోపల చేరిన పురుగు ఎండకు చచ్చును. విప్పి కట్టుటకు వీలుగా చేసిన వస్తువు గనుక ఒక దుంగ పాడైనచో ఒక దుంగనే మార్చిరి. ఇటీవలి కాలమున దుంగల తెప్పలకు బదులు గాజునార కలిపిన ప్లాస్టిక్కుతో చేసిన తెప్పలు వచ్చి, వాటికి యంత్రములు అమర్చుట సామాన్యమైనది. వీటిని పురుగు తొలువదు. కాని పగిలినచో నార, రసాయనము, ఆ పని తెలిసిన చేయి, మూడును కొని తెచ్చుకొనవలెను.

ఇక వలల విషయము. పూర్వము జనుపనారతోను, పత్తినూలుతోను వలలు అల్లెడివారు. వల నీటిలో నాని చెడినదని మనము అందుము. నిజమునకు దానిని చెడగొట్టునది నీరు కాదు, ఉప్పును కాదు. నారకు ఆధారమైన పదార్థమును తినివేయు సూక్ష్మజీవులు. తోళ్లు ఊనువారు తంగేడు చెక్కలోని వగరుచేత తోలు కుళ్లకుండ చేయునట్లే, జాలరులు చెట్లచెక్కల కషాయమును కాచి వలలను అందులో ముంచుచుండిరి. చింతగింజల జిగురు, కాచు, తారు కూడ ఉపయోగపడినవి. మైలుతుత్తము చేర్చినచో ఆ వగరు నారను విడువక పట్టియుండునని తరువాతి పరిశోధకులు చెప్పిరి. ఎట్లు చేసినను కషాయము కొన్నాళ్లకు కడుగుకొనిపోవును, మరల కాచవలెను. వేటకు పోవు దినములకు తోడు వల ఆరవేయు దినములు, కాచు దినములు, అల్లు దినములు లెక్కించినచో జాలరి కుటుంబమున ఆడువారి, ముసలివారి, పిల్లల శ్రమ ఎంత యుండెనో తెలియును. సముద్రముపై కన్పించునది సగము వేట మాత్రమే.

1935లో అమెరికాలో కరోదర్స్ అను రసాయనశాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో నైలాను తయారైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము అది వలలలోనికి ప్రవేశించినది. మనదేశమున 1950వ దశకము చివర మొదలుకొని దాని వాడుక వ్యాపించెను. 1957లో కొచ్చినునందు నెలకొల్పబడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ వలదారముల బలమును, మన్నికను పరీక్షించి దీని వ్యాప్తికి తోడ్పడినది. నైలాను సూక్ష్మజీవులకు ఆహారము కాదు. కాబట్టి వలలను కాచు కుండలు ఒడ్డులనుండి తొలగినవి. సన్నని దారముతోనే బలము దొరకుటచేత చేపకు కనపడని వల సాధ్యమైనది. ఇదియొక విప్లవమనుట అతిశయోక్తి కాదు. ఐనను నైలానుకును శత్రువు కలదు. అది ఎండ. పూర్వము వలను కాపాడిన ఎండయే ఇప్పుడు దానిని మెల్లగా పెళుసుబరచును. ఆరవేయుటే ధర్మమని నేర్చిన చేతులు నీడలో చుట్టిపెట్టుట నేర్చుకొనవలసివచ్చెను.

గాలపు వేటయందును ఇట్టి మార్పులే జరిగినవి. మన తీరమున గాలపుత్రాడును కొయ్యముక్కకు చుట్టి, చేతితోనే వదలుచు, చేతితోనే లాగుట అనాదిగా వచ్చిన పద్ధతి. కోనాం చేప గాలమును మ్రింగి పరుగెత్తినప్పుడు వ్రేళ్లమధ్య త్రాడును జారవిడచుచు, అది అలసినప్పుడు లాగుచు పోవలెను. ఎప్పుడు విడువవలెనో, ఎప్పుడు బిగింపవలెనో వ్రేలికి తెలియును. త్రాడు కోసిన గుర్తులు అరచేత మిగులును. ఇట్టి హస్తవిద్యను చక్రములోనికి మార్చుటకు జరిగిన ప్రయత్నములలో తుదిది రీలు.

గాలపుకర్రకు చక్రము తగిలించిన చిత్రము క్రీ.శ. 1195 ప్రాంతమున చీనా చిత్రకారుడు మాయువాన్ వ్రాసినది కలదు. ఇంగ్లండులో 17వ శతాబ్దమునుండి దీని ప్రస్తావన కనపడును. 19వ శతాబ్దారంభమున అమెరికాలోని కెంటకీలో స్నైడర్ అను గడియారములవాడు పళ్లచక్రములు అమర్చి, పిడి ఒకసారి త్రిప్పినచో కండె పలుమార్లు తిరుగునట్లు చేసెను. ఈ రీళ్లన్నిటిలోను ఒక చిక్కు ఉండెను. గాలమును విసరినప్పుడు కండె గిరగిర తిరుగును. ఎర నీటిలో పడి ఆగినను కండె ఆగక తిరిగి, దారమంతయు చిక్కుపడును. 1884లో స్కాట్లండువాడైన మాలక్ విసరునప్పుడు కండెను పక్కకు త్రిప్పు ఉపాయము కనిపెట్టెను. 1905లో బ్రాడ్‌ఫర్డు ఉన్నిమిల్లుల యజమాని ఇల్లింగ్‌వర్త్ కండెను కదలనీయక నిలిపి, దారము దాని కొననుండి జారిపోవునట్లును, లాగునప్పుడు మరియొక భాగము దాని చుట్టు తిరిగి దారము చుట్టునట్లును చేసి హక్కు పొందెను. మిల్లులోని నూలుకండెలను చూచియే అతనికి ఈ ఊహ కలిగినదని చెప్పుదురు. ఇదియే నేడు స్పిన్నింగు రీలు అనబడునది.

ఇది మన ప్రాంతమువారికి గ్రహించుటకు కష్టమైన విషయము కాదు. పొందూరులో సన్ననూలు వడుకువారు కదురు కొననుండి నూలు ఎంత తేలికగా జారునో ఎరుగుదురు. ఆ పొందూరు నూలునకు పత్తిని దువ్వునది వాలుగచేప దవడయెముక యనుట మరియొక విశేషము. అచట చేప నూలునకు తోడ్పడినది. ఇచట నూలుమిల్లు చేపల వేటకు తోడ్పడినది. నైలానుతో ఒంటిపోగు దారము వచ్చిన పిదప, అనగా రెండవ యుద్ధము ముగిసిన తరువాత, ఈ రీలు ప్రపంచమంతటను వ్యాపించెను. నేడు మన తీరమున రాతిగట్లమీదను, నదీముఖములయందును వినోదమునకై వేటాడువారి చేతులలో కన్పించుచున్నది.

ఈ రీలు ఏర్లకు, చెరువులకు పుట్టినది. సముద్రమునకు తెచ్చినచో ఎచట ఓడిపోవును? ముందుగా దారమును పట్టి చుట్టు తీగకమ్మిని మూయు స్ప్రింగు. విసరిన ప్రతిసారి అది తెరచుకొని మూసికొనును. దినమునకు వందలసార్లు వంగు ఉక్కుపై ఉప్పు ఒక చిన్న గుంట తొలిచినచో పగులు అచటనే మొదలగును. రెండవది ఆ కమ్మి చివర దారము ఒరసికొనుచోట నుండు చిన్న గిలక. రీలంతటిలో ఇదియే మిక్కిలి చిన్నది, మిక్కిలి తడిసునది. ఇది ఉప్పుపట్టి తిరుగుట మానినచో దారము ఒకేచోట రాచి గాడి పడును. ఆ గాడి దారమును కోయును. వేటగాడు దారము మంచిది కాదని అంగడివానిని నిందించును.

మూడవది శరీరము. చాల రీళ్ల ఒడలు అల్యూమినియము. మరలు త్రుప్పుపట్టని ఉక్కు. లోపలి చిన్న పళ్లచక్రము ఇత్తడి. అలారం నౌకలో రాగికిని ఇనుమునకును జరిగిన కలహమే ఇచట అరచేతిలో జరుగును. అల్యూమినియము తెల్లని పొడియై రాలును, మర దానిలో అతుకుకొనిపోవును, విప్పబోయినచో తల తెగును. ఈ బాధ తప్పించుటకు ప్లాస్టిక్కులో కర్బనపుపోగులు కలిపి ఒడలు చేసిరి. అవి త్రుప్పుపట్టవు. కాని పెద్దచేప లాగినప్పుడు కొన్ని కొంచెము వంగును. వంగగా లోపలి పళ్లచక్రములు తిన్నగా కలియక అరుగును. నాలుగవది కండె. నైలాను దారము లాగినప్పుడు సాగును. సాగినది సాగినట్లే బిగించి చుట్టినచో ప్రతి చుట్టును ముడుచుకొనజూచి కండెను పిసుకును. బలములేని కండె అంచు పగులును. సన్ననిపోగు ఇంతపని చేయునాయని ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకటి కాదు, వందల చుట్లు కలసి పిసుకుచున్నవి.

ఐదవది బిగింపు. చేప పరుగెత్తునప్పుడు దారము జారిపోవుటకై కండెపై బిళ్లలతో చేసిన ఏర్పాటు ఇది. జాలరి వ్రేలు చేయు పనిని చేయునది ఇదియే. బిళ్లలు ఉప్పుతో పట్టుకొనిపోయినచో, జారవలసిన క్షణమున జారక దారము తెగును. రీలు లోపములన్నిటిలోను మిక్కిలి మోసకరమైనది ఇదే. ఏలయన చేప తగులువరకు అది బయటపడదు.

దీనికి చికిత్స పెద్ద శాస్త్రము కాదు. వేట ముగిసిన దినముననే, ఉప్పు ఆరి గట్టిపడకముందే, బిగింపు మరను బిగించి, మంచినీటిని మెల్లగా పైన పోసి కడుగవలెను. బలమైన ధారతో కొట్టరాదు, బక్కెటులో ముంచరాదు, అట్లు చేసినచో బయటి ఉప్పు లోపలికి పోవును. తుడిచి, నీడను ఆరబెట్టి, గిలకకు ఒక చుక్క నూనె వేసి, దాచునప్పుడు బిగింపును వదులుచేయవలెను. వదులుచేయనిచో బిళ్లలు నొక్కుకొని పాడగును. నీరు చొరకుండ రబ్బరు కట్లతో మూసిన ఖరీదైన రీళ్లు నేడు కలవు. కట్లు పాతబడి ఒకసారి నీరు లోనికి పోయినచో, రానీయని గోడయే పోనీయని గోడ యగును. ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగక తప్పదని మన సామెత. అది మనుష్యులకేమో గాని, లోహములకు మాత్రము అక్షరాల వర్తించును.

కుట్టుపడవనుండి రీలువరకు ఈ వస్తువులన్నిటిని ఒకచోట చేర్చి చూచినచో ఒక సూత్రము కన్పట్టును. సముద్రమున విరుగని వస్తువు లేదు. కాబట్టి మంచి పనిముట్టు ఏది ముందు విరుగవలెనో తానే నిర్ణయించుకొనును. కుట్టుపడవలో పలకకంటె ముందు కుట్టు తెగును. త్రాడు చవుక, పలక ప్రియము. అనేక గాలములు వ్రేలాడదీసిన పొడవుత్రాటికి కట్టు కొమ్మత్రాళ్లు మూలపుత్రాటికంటె సన్ననివి. సొరచేప పట్టి గుంజినచో ఒక్క గాలము పోవును గాని త్రాడంతయు పోదు. పడవ యంత్రములకు తగిలించు యశదపు ముక్కయు ఇట్టిదే. తాను కరగి తక్కినదానిని నిలుపును. నష్టమును చిన్నదానిమీదికి మరల్చుట ఇందలి నేర్పు. ఈ నేర్పు గ్రంథములు చూచి రాలేదు. నష్టపడినవారి జ్ఞాపకమునుండి వచ్చినది.

రెండవ సూత్రము మరింత ముఖ్యమైనది. మన్నిక రెండు విధములు: విరుగకుండుట ఒకటి, విరిగినను బాగుపడుట రెండవది. పాతవస్తువులు తరచుగా చెడినవి; కాని వాటిని బాగుచేయు త్రాడు, చెక్క, చేయి అన్నియు ఊరిలోనే యుండెను. క్రొత్తవస్తువులు అరుదుగా చెడును. చెడినచో ఊరిలో బాగుపడవు. వినోదమునకు వేటాడువాని రీలు విరిగినచో ఆదివారము పోవును. జాలరి యంత్రము విరిగినచో విడిభాగము పట్టణమునుండి వచ్చువరకు వేట పోవును, వేటతోపాటు కూలి పోవును, అప్పు పెరుగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరమును దాటినప్పుడు పడవలు, వలలు పెద్దసంఖ్యలో నష్టపడినవి. వందయేండ్ల క్రింద అట్టి నష్టమును కొయ్యతోను, నారతోను, చాకిరితోను పూడ్చుకొనెడివారు. నేడు డబ్బుతోగాని పూడదు.

ఉపాధికై ఈ రెండు జిల్లాలనుండి అనేకులు గుజరాతు తీరమునకు పోయి పరుల పడవలలో కూలికి పనిచేయుచున్నారు. రేవులు లేమి, చేపలు తగ్గుట, అప్పులు, ఇట్లు దీనికి కారణములు పెక్కు. సొంతముగా పడవను, వలను నిలుపుకొనుటకు అగు వ్యయము వానిలో చేరినదే. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాను బలగములకు చిక్కిరి. ఎక్కువగా శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారైన 20 మంది 2020 జనవరిలో విడుదలై వచ్చిరి. పదునాలుగు నెలలు వారి ఇండ్లవారు పడిన క్షోభ శ్రోతలలో పలువురికి జ్ఞాపకముండును. పనిముట్ల మన్నిక అనునది పనిముట్లకు మాత్రమే సంబంధించిన మాట కాదని చెప్పుటకే దీనిని ఇచట తలచితిని.

నిలుచుట యెల్లప్పుడు మేలే యనియు అనుకొనరాదు. తెగి సముద్రమున పడిపోయిన నూలువల కొన్ని నెలలలో చివికి మట్టిలో కలసెడిది. నైలాను వల అట్లు కాదు. యజమాని లేకపోయినను అది వేటాడుచునే యుండును. చేపలు, పీతలు, శ్రీకాకుళపు ఇసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్లు అందులో చిక్కి చచ్చును. చివుకుట కూడ ఒక గుణమని ఆ వస్తువు పోయిన తరువాత తెలిసినది. చినిగిన వలలను నీటిలో విడువక ఒడ్డునకు తెచ్చుట నేటి వేట నీతిలో చేరవలసిన నియమము.

చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషేధించుచున్నారు. ఆ రెండునెలలు వలలు అల్లు కాలము, పడవలు గీకి రంగువేయు కాలము, యంత్రములు విప్పి చూచు కాలము. ఆ దినములలో కళింగపట్నమునకో, భావనపాడునకో, చింతపల్లికో పోయినవారు నీడపట్టున వలను కాలి బొటనవ్రేలికి తగిలించి, చేత కొయ్యసూదితో చినుగులు అల్లుచున్న వృద్ధులను చూడవచ్చును. దారము మారినది, ముడి బిగించునప్పుడు జారకుండ మరియొక చుట్టు వేయుట వారు నేర్చుకొనిరి, నైలాను నూలువలె ముడిని పట్టియుంచదు గనుక. ప్రభుత్వములు క్రొత్త పడవలకును, యంత్రములకును సాయము చేయునప్పుడు, వాటిని బాగుచేయు విద్యను, విడిభాగములను కూడ ఆ యూళ్లకే చేర్చగలిగినచో, ఆ వృద్ధుల చేతినుండి సూది అందుకొనుటకు వారి మనుమలు ఊరిలో మిగులుదురు.